చేయూతయా? భుజమెక్కించుటయా?

వైకుంఠపాళి పటము నెరుగని తెలుగు ఇల్లు అరుదు. గవ్వలు వేసి, పడిన పందెమును బట్టి గడులు దాటుచు, నిచ్చెన దొరికినచో పైకి ప్రాకుచు, పాము నోట బడినచో క్రిందికి జారుచు సాగు ఆ యాటలో ఎవరును వ్రాయని నియమ మొకటి కలదు. ఎవరి పావును వారే నడుపుకొనవలెను. ముందు పోయిన అక్క, వెనుకబడిన తమ్ముని పావును తన పావు మీద కూర్చుండబెట్టుకొని నిచ్చెన యెక్కుటకు వీలులేదు. వీలున్నచో ఆ యాట ఏమగును? ఈ ప్రశ్న హాస్యమునకు వేసినట్లు తోచవచ్చును. కాని కంప్యూటరు ఆటల నిర్మాతలు 1999 నుండి నేటివరకు తలలు పట్టుకొని ఆలోచించుచున్న ప్రశ్న సరిగా ఇదియే.

ఇంటర్నెట్టు ద్వారా వేలాదిమంది ఒకే కల్పితలోకమున ప్రవేశించి ఆడు ఆటలు నేటి విద్యార్థులకు సుపరిచితములు. వారి ఉపాధ్యాయులలో అనేకులకు మాత్రము అవి అంతగా పరిచితములు కావు గనుక రెండు మాటలు చెప్పవలసియున్నది. ఆ లోకమున ప్రతివాడును ఒక పాత్రను ధరించును. వీరుడో, వైద్యుడో, మాంత్రికుడో యగును. రాక్షసులను, మృగములను జయించిన కొలది అనుభవపు మార్కులు లభించును. ఆ మార్కులు ఒక లెక్కకు చేరగనే పాత్ర పై మెట్టు నెక్కును. ఆ మెట్టునే పిల్లలు లెవెలు అందురు. మెట్టు పెరిగిన కొలది బలము పెరుగును, కొత్త ఆయుధములు చేతికి వచ్చును, కొత్త ప్రదేశములు తెరచుకొనును. ఒంటరిగా సాధింపరాని కార్యములకు నలుగురైదుగురు జట్టు కట్టుదురు. ఆ జట్టునకు పార్టీ యని పేరు.

ఇద్దరు మిత్రులున్నారనుకొందము. ఒకడు ఆరు నెలల క్రిందట ఆట ప్రారంభించి అరువదవ మెట్టున నున్నాడు. రెండవవాడు నేడే వచ్చినాడు. కలిసి యాడవలెనని ఇద్దరికిని కోరిక. పెద్దవాడు చిన్నవానికి తోడుగా పోవును, వాడు కొట్టలేని మృగమును తాను కొట్టును, దారి చూపును. ఇందులో దోష మేమున్నది? ఏమియు లేదు. కాని కొన్నాళ్ళకు చిన్నవాడు గుమ్మము వద్ద చతికిలబడును. పెద్దవాడు లోపల యుద్ధము చేయును. మార్కులు మాత్రము ఇద్దరికిని వర్షించును. మరికొన్నాళ్ళకు పెద్దవాడు ఈ సేవకు వెల కట్టును. దీనినే ఆటగాండ్రు బూస్టింగు అనియు, పవర్ లెవెలింగు అనియు పిలుతురు. కళ్ళమునకు కుప్పనూర్పిడి నాడు మాత్రమే వచ్చి గింజలలో సమభాగ మడుగువానిని పల్లెలో ఏమందురో, వీనిని గూడ అదియే అనవలసియుండును.

ఆట ఆటయే కదా, ఎవరి సొమ్ము పోయినదని కొందరడుగుదురు. పోయినది తోటి జట్టువాని సొమ్ము. పై మెట్లలోని కార్యములు ఆరుగురు ఆరు పనులు తెలిసి చేసిననే సాగును. వైద్యుని పాత్ర ధరించినవానికి ఎవనికి ఎప్పుడు చికిత్స చేయవలెనో తెలియనిచో, మిగిలిన యైదుగురును నేల కూలుదురు. వాడు అరువది మెట్లును నడచి వచ్చినవాడైనచో ఆ విద్య దారిలో పట్టువడియుండెడిది. మోయబడి వచ్చినవానికి మెట్టు ఉన్నది, విద్య లేదు. పట్టా చూపి కొలువులో చేరి, కాగితము చేతికిచ్చినప్పుడు తెల్లమొగము వేయువానికిని వీనికిని భేదమేమి? ఆ సాయంకాలము తీరిక చేసికొని వచ్చిన యైదుగురి కాలమును వాడు హరించినాడు.

కావున దీనిని అరికట్టవలెను. కాని ఎట్లు? స్నేహమును నిషేధింపకుండ స్నేహపు వేషము వేసిన దానిని మాత్రమే పట్టుకొనుట సులభము కాదు. ఈ పోరాటపు చరిత్ర చాల ఆసక్తికరమైనది. నియమములు చేయువారు, నియమములలో సందులు వెదకువారు ఒకరినొకరు తరుముకొనిన వైనము అందులో కాననగును.

1999 మార్చిలో అమెరికాలో ఎవర్‌క్వెస్ట్ అను ఆట వెలువడినది. దాని నిర్మాతలు ఈ యపాయమును కొంతవరకు ముందే ఊహించిరి. ఒకే జట్టులో చేరిన వారి మెట్లలో మితిమీరిన అంతర ముండరాదనిరి. చిన్నవాని మెట్టు పెద్దవాని మెట్టులో సుమారు మూడింట రెండు వంతులైనను ఉండవలెను. లేనిచో చిన్నవానికి మార్కులు రావు. అరువదవ మెట్టువానితో నలువదవ మెట్టువాడు పొత్తు కలుపవచ్చును గాని, ఇరువదవ మెట్టువాడు కలిపినచో వానికి దక్కునది సున్న. చూచుటకు నియమము పటిష్ఠముగనే యున్నది.

ఆటగాండ్రేమి చేసిరి? పొత్తు కలుపుటయే మానివేసిరి. జట్టులో చేరినవారికే కదా ఆంక్ష! పెద్దవాడు జట్టు వెలుపల, దారిన పోవువానివలె నిలిచి, చిన్నవానికి గాయమైనప్పుడెల్ల మంత్రముతో మాన్పుచుండెడివాడు. లేక చిన్నవాని దేహమునకు ముళ్ళ కవచము వంటి మంత్రమును తొడిగెడివాడు. మృగము వచ్చి వానిని కరచినకొలది దానికే ముళ్ళు గ్రుచ్చుకొని ప్రాణము మీదికి వచ్చుచుండెడిది. చిన్నవాడు చేయవలసినదెల్ల నిలబడి కరపించుకొనుట. నిర్మాతలు దీనిని గమనించి, గొప్ప మంత్రములు చిన్న మెట్లవారి మీద పారకుండునట్లు తరువాత కట్టుదిట్టము చేసిరి.

ఇందువలన ఒక నష్టమును కలిగినది. ఆ లోకమున బాటసారులైన పెద్దలు, ముక్కు మొగ మెరుగని కొత్తవాడు కనబడినచో ఒక రక్షామంత్రము వేసి, మారు మాట యాశింపక తమ దారిని తాము పోవు ఆచార ముండెడిది. కొత్తవానికి ఆ గడియ పండుగ. నిషేధము వచ్చిన పిదప చిన్న మంత్రములు మిగిలినవి గాని పెద్ద మంత్రముల కా భాగ్యము లేకపోయినది. అపాత్రదానమును ఆపబోయి ఉన్నదానమునకే గండికొట్టుట మానవ సమాజపు చట్టములలో తరచు చూచునదే.

జపానులో 2002 మే నెలలో వెలువడిన ఫైనల్ ఫాంటసీ పదునొకండవ యాట ఇంకను కఠినమైన మార్గమును పట్టినది. అందు జట్టులోని వారికి వచ్చు మార్కులు జట్టులో అందరికన్న పై మెట్టున నున్నవానిని బట్టి లెక్కింపబడెడివి. జట్టులో బలవంతు డొకడు చేరినచో మిగిలినవారి మార్కులు కుంచించుకొనిపోవును. అందుచేత ఎవరును బలవంతుని చేర్చుకొనరు. మోసుకొనిపోవుట ఆ విధముగ చాలవరకు ఆగినది. మరి దానికి చెల్లించిన మూల్యమేమి? ఆరుగురు ఆటగాండ్రు, ఇంచుమించు ఒకే మెట్టున నున్నవారు, అందును ఒక వైద్యుడు, ఒక కవచధారి మొదలగు వేరువేరు పనుల వారు, ఒకే వేళకు దొరకవలెను. అట్టివారి కొరకు జ్యూనో అను కల్పితనగరమున ఆటగాండ్రు గంటల తరబడి, పల్లెటూరి బస్సు కొరకు కాచుకొన్నట్లు, కాచుకొని యుండెడివారు.

మిత్రుల సంగతి మరీ దయనీయము. ఇద్దరు ఒకేనాడు ప్రారంభింతురు. ఒకడు పరీక్షలని చెప్పి వారము దినములు రాడు. ఆ వారములో రెండవవాడు నాలుగు మెట్లెక్కును. ఇక వారిద్దరును ఒక జట్టున ఇముడుట కష్టము. చదువుకొనుటకు పోయినందుకు శిక్ష యన్నమాట!

ఆరు సంవత్సరముల పిదప, 2008 సెప్టెంబరులో, ఆ యాటవారు లెవెల్ సింక్ అను ఏర్పాటును ప్రవేశపెట్టిరి. కంప్యూటరు ఆటల నియమములలో ఇంత తెలివైనవి కొన్నియే యున్నవి. జట్టు నాయకుడు జట్టులో ఒకనిని ఎంచుకొనును. ఎంచుకొనబడినవాని మెట్టునకు మిగిలినవారెల్లరును దిగిపోవుదురు. డెబ్బదవ మెట్టువాడైనను ఇరువదవ మెట్టువానితో ఆడునంతసేపు ఇరువదవ మెట్టువాడే. వాని ఖడ్గము పదును, కవచము గట్టితనము గూడ ఆ మేరకు తగ్గును. వచ్చిన మార్కులు మాత్రము ఎవరి అసలు మెట్ల లెక్కలో వారికి చేరును. బిడ్డతో పరుగు పందెము వేసిన తండ్రి తన యడుగును చిన్నదిగా చేసికొనునే, సరిగా అట్లు.

దీని మర్మము గమనింపదగినది. అంతవరకు నిర్మాతలలో అనేకులు చిన్నవానికి పెద్దవాని వలన ఎంత లాభము కలుగుచున్నదో కొలిచి, దానిని తగ్గింపజూచిరి. లెవెల్ సింక్ లాభము జోలికి పోలేదు. పెద్దవాని బలమునే ఆ కాసేపు తీసివేసినది. బలము లేనివాడు ఎవరిని మోయగలడు? మోయలేని సేవకు ఎవడు వెల యిచ్చును? కలిసి యాడు సంతోషము మాత్రము చెక్కుచెదరలేదు. పెద్దవాడు తనకు తెలిసిన విద్యను తెచ్చుకొనవచ్చును. ఎక్కడ నిలువవలెను, ఏ మృగమును ముందు పట్టవలెను అని చెప్పవచ్చును. బలమును వెలుపల విడిచి జ్ఞానమును లోపలికి తెచ్చుకొను ద్వారమిది. బడిలో పాఠము చెప్పువారికి ఈ ద్వారము పరిచయమైనదే. ఒకటవ తరగతికి పోయిన పండితుడు ఒకటవ తరగతి మాటలలోనే కదా మాటాడవలెను!

లోపము లేకపోలేదు. దిగిపోయి ఆడునంతసేపు ఆయుధ నైపుణ్యము ఆ తగ్గిన మెట్టు హద్దును దాటి పెరుగదు. అందుచేత కొందరు సులువైన దిగువ ప్రదేశములలోనే ఏండ్లు గడిపి, మార్కులు కూడబెట్టి, పై మెట్టున తేలిరి. చేతిలోని ఖడ్గము తిప్పుట మాత్రము నేర్చుకొనలేదు. అయినను ఇది స్వల్పదోషము.

విచారింపదగిన సంగతి మరియొకటి. ఇంత చక్కని నియమమును ప్రవేశపెట్టిన ఆ యాటవారే రెండేండ్లు తిరుగకుండ ప్రక్క గోడకు పెద్ద సందు పెట్టిరి. 2010 జూనులో అబిస్సీ అను కొత్త ప్రాంతములు తెరువబడినవి. ముప్పదవ మెట్టు దాటినవాడెవడైనను అందు అడుగు పెట్టవచ్చును. పదునెనిమిదిమంది వరకు ఒక కూటమిగా చేరవచ్చును. కొద్దిమంది బలవంతులు పోరాడుచుండగా తక్కినవారు ఒక మూల నిలిచి మార్కులు పోగుచేసికొనవచ్చును. చాలకాలము 75 మెట్లకే పరిమితమైన ఆ యాట 2010, 2011 సంవత్సరములలో 99 మెట్ల వరకు పెరిగినది. ఆ పెరుగుదలలో నడచి యెక్కినవారెందరో, మోయబడి యెక్కినవారెందరో! పాత యాటలో దిగువ మెట్లు నిర్మానుష్యములైనప్పుడు కొత్తవానిని త్వరగా పైకి చేర్చవలెనను ఆరాటము నిర్మాతలకు కలుగుట సహజమే. కాని కంచె వేసినవాడే చేనిలోనికి దారి చూపినట్లయినది.

అమెరికాలో 2004 ఏప్రిలులో ప్రారంభమైన సిటీ ఆఫ్ హీరోస్ అను ఆట మొదటినుండియు వేరు దారి పట్టినది. బొమ్మల కథలలోని మహావీరులకు ఒక చిన్న అనుచరు డుండుట అమెరికా సంప్రదాయము. ఆ సంప్రదాయమునే నియమముగా మలచి, చిన్నవాడు పెద్దవానికి అనుచరుడుగా చేరునట్లు ఏర్పాటు చేసిరి. ఐదవ మెట్టువాడు ముప్పదవ మెట్టువాని చెంతనున్నంతసేపు ఇరువదితొమ్మిదవ మెట్టువాని బలముతో పోరాడును. దూరముగా పోయినచో మరల ఐదవ మెట్టువాడే యగును. ఇక మార్కులు వాని అసలు మెట్టునకు తగినట్లు కుదింపబడి వచ్చును. పెద్ద రాక్షసుని పడగొట్టినంత మాత్రమున పది మెట్లు ఒక్కసారి దూకుట ఉండదు. పెద్దవాడు దిగివచ్చి చిన్నవానితో నాడు ఏర్పాటును గూడ ఆ పిదప చేసిరి.

ఈ కట్టుదిట్టములలో గూడ గుమ్మము వద్ద కూర్చుండువాడు పుట్టుకొనివచ్చినాడు. జట్టువారెల్లరు భవనము లోపల పోరుచుండగా వాడు ద్వారబంధమునకు చేరగిలి, బహుశః నిజముగనే లేచిపోయి కాఫీ త్రాగుచు, మార్కులు పెరుగుట చూచుచుండును. నియమము వాని యునికిని లెక్కించినది, వాని పనిని లెక్కింపలేదు. ఈ వ్యవహారమంతటికిని మూలమైన లోపము ఇదియే యనవచ్చును.

అదే ఆటలో 2008 డిసెంబరున వచ్చిన మరియొక ఏర్పాటు, లెవెలింగ్ ప్యాక్ట్ అనునది, మిత్రుల ఒడంబడిక. ప్రారంభపు మెట్లలోనున్న ఇద్దరు ఒడంబడిక చేసికొందురు. అటుపిమ్మట ఎవరు సంపాదించిన మార్కులైనను ఇద్దరికిని చెరిసగము చెందును; ఒకడు ఆటలో లేకపోయినను వాని సగము వానికి చేరును. ఒకడు వేయి మార్కులు తెచ్చినచో అయిదువందలు తనకు, అయిదువందలు నిద్రపోవుచున్న మిత్రునకు. మొదట వినుటకు ఇది దుర్వినియోగమునకు ఎత్తిన పందిరివలె తోచును. లెక్క వేసిన వేరుగా కనబడును. ఈ యొడంబడికలో ఒక్క మార్కయినను కొత్తగా పుట్టదు. మిత్రునికి పోయినది సంపాదించినవాని సంచినుండియే పోవును. ఇద్దరును క్రింది మెట్టుననే చేతులు కలుపవలెను గనుక, శిఖరమున నున్నవాడు వచ్చి తన యెత్తును అమ్ముకొనజాలడు. పరీక్షలకు పోయిన బాలునికి ఇది ఎంతటి ఊరట! తిరిగి వచ్చునప్పటికి మిత్రుడు వాని కొరకు సగము దారిలో నిలిచియుండును.

మిగిలిన యాటలలో ఉపకారము ఉచితము గనుకనే అది సరుకైనది. ఇక్కడ ఉపకారికి ఖర్చున్నది. ఖర్చుపడి చేయు ఉపకారమును అపరిచితునకు చేయువారు తక్కువ; స్నేహితునకు చేయువా రెక్కువ. స్నేహము నిజమో కాదో కంప్యూటరు కనిపెట్టలేదు గాని, ఈ లెక్క కొంతవరకు కనిపెట్టినది. నిద్రించినవానికి విద్య అబ్బదను దోషము మాత్రము ఇందును ఉన్నది.

ఇంత జాగ్రత్తపరులును 2009 ఏప్రిలులో పొరపడిరి. ఆటగాండ్రే తమకు తోచిన కథలను, శత్రువులను కల్పించుకొని ఆడుటకు వీలుగా ఒక నిర్మాణశాల తెరచిరి. కథకులకు అది వరమైనది. మార్కుల వ్యాపారులకు అంతకు మించిన వరమైనది. ఎదురుదెబ్బ కొట్టలేని శత్రువులను బారులు తీర్చి, వారిని కోసి మార్కులు నూర్చు కథలు వెల్లువెత్తినవి. ఆ నగరములో రైలు ఎక్కుట యెట్లో తెలియని యాబదవ మెట్టు వీరులను గూర్చి తోటివారు నవ్వుకొనిరి. ఆ యాటలో ఏబదియే తుదిమెట్టు. నిర్వాహకులు బహుమానములను మాటిమాటికి తగ్గించిరి. దుర్వినియోగముచే పొందినవానిని వెనుకకు తీసికొందుమని హెచ్చరించిరి. అదే సంవత్సరము సెప్టెంబరులో జట్టులోని వారందరి మెట్టును తనంతట తానే సమము చేయు పద్ధతిని తెచ్చిరి. దానితో అనుచరునిగా చేర్చుకొనుట మొదలగు తతంగము తొలగి, మెట్టు అను గోడ మిత్రుల నడుమ ఇంచుమించు మాయమైనది.

ఈ యాటలన్నిటికన్న ప్రసిద్ధి గాంచినది 2004 నవంబరులో వెలువడిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్. అందు కథ మరొక మలుపు తిరిగినది. ఇక్కడ పెంచిపోషించినవారు స్వయముగా నిర్మాతలే. 2008 ఆగస్టులో వారు ఒక ఆకర్షణ పెట్టిరి. పాత ఆటగాడు ఒక కొత్తవానిని చేర్చినచో, ఇద్దరును కలిసి యాడునప్పుడు అరువదవ మెట్టు వరకు మార్కులు మూడింతలు. అంతియే గాక, కొత్తవాడు రెండు మెట్లెక్కినప్పుడెల్ల ఒక మెట్టును పాతవాని మరియొక పాత్రకు దానము చేయవచ్చును. మిత్రులను తెచ్చుట దీని యుద్దేశము. ఆటగాండ్రు అర్థము చేసికొన్న విధము వేరు: వారు తమకు తామే మిత్రులైరి. ఒకే మనుష్యుడు రెండవ ఖాతాకు సొమ్ము చెల్లించి, రెండు కంప్యూటరు తెరలను ముందుంచుకొని, కుడిచేతి పాత్ర వెంట ఎడమచేతి పాత్రను నడిపించుకొనుచు మూడింతల మార్కులు అందుకొనినాడు. రెండవ చందా కూడ కంపెనీ పెట్టెలోనే పడుచుండగా దీనిని అరికట్టు తొందర ఎవరికుండును? మార్కులు పెంచు ఆ పాత పథకమును ఉపసంహరించి 2019లో కొత్త రూపమున తిరిగి తెచ్చిరి. అప్పుడు బహుమానములు ఆటకాలము, వాహనములు, వేషములుగా మారినవి. అదే సెప్టెంబరులో పెద్దవాడు చిన్నవాని మెట్టునకు దిగివచ్చి ఆడు సదుపాయమును గూడ చేర్చిరి. జపానువారు పదునొకం డేండ్ల క్రిందట పట్టిన దారికే వీరును వచ్చిరి.

2019 ఆగస్టులో ఆ యాట యొక్క పూర్వరూపమును, పాత నియమములతో, మరల వెలువరించిరి. వెంటనే బూస్టింగు బహిరంగ వ్యాపారమైనది. ఆ పాత నియమము ప్రకారము మార్కులు జట్టులోని వారికి వారి మెట్ల నిష్పత్తిని బట్టి పంచబడును. అరువదవ మెట్టువాడును పదవ మెట్టువాడును కలిసి ఒక శత్రువును కూల్చినచో, చిన్నవానికి ఏడవ వంతే దక్కును. ఏడవ వంతు ఏమూలకని నిర్మాతల భావము. కాని మంచుమంత్రము నేర్చిన మాంత్రికుడు గుహలోని శత్రువుల నెల్ల ఒక్కచోటికి తరుముకొనివచ్చి, పదులకొలది ఒకేసారి కూల్చివేయగలడు. ఒక్కదానిలో ఏడవ వంతు అల్పమే. నూటిలో ఏడవ వంతు అల్పము కాదు! ఒక్కొక్క విడతకు ఇన్ని బంగారు నాణెములని వెల చాటుచు మాంత్రికులు కేకలు వేయసాగిరి. గంటకు ఐదు గుహలకు మించి ప్రవేశింపరాదను పాత నియమమునకు తోడు, దినమునకు ముప్పదికి మించరాదని 2020 జూనులో మరియొకటి చేర్చిరి. 2022 జనవరి 31న, ఈ సేవలను వృత్తిగా నడుపు సంఘములనే నిషేధించుచున్నట్లు ప్రకటించిరి. వెల కల్పిత నాణెములలో నున్నను సరే. వ్యక్తిగా ఒకడు తన కాలమును అమ్ముకొనుటను మాత్రము వారు పూర్తిగా మూసివేయలేదు. ఎక్కడ సాయము ముగిసి బేరము మొదలగునో వారును గీత గీయలేకపోయిరి కాబోలు.

మెట్లెక్కు ఆటల ప్రక్కన పోటీ ఆటలు మరియొక జాతి. అందు గెలుపోటములను బట్టి స్థాయి నిర్ణయమగును. హంగరీలో జన్మించి అమెరికాలో భౌతికశాస్త్రము బోధించిన ఆర్పాడ్ ఎలో చదరంగమునకు కల్పించిన గణనపద్ధతి దీనికి తాత వంటిది. 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య దానిని స్వీకరించినది. చదరంగము ఇద్దరి యాట గనుక ఒకరి భుజమెక్కు వీలు తక్కువ. అయిదుగురు అయిదుగురితో పోరు లీగ్ ఆఫ్ లెజెండ్స్ వంటి యాటలలో బలవంతునితో జంట కట్టినవాడు తనది కాని స్థాయికి పోవును. లేదా తన ఖాతాను, పాస్‌వర్డుతో సహా, బలవంతునకు అప్పగించి, తన పేర వానిని ఆడించును. దక్షిణ కొరియాలో ఈ రెండవ పద్ధతి ఎంత ప్రబలినదనగా, అది చట్టసభ వరకు పోయినది. 2018 డిసెంబరున ఆమోదము పొంది 2019 జూనులో అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారము, సొమ్ము కొరకు ఇతరుల బదులు ఆడిపెట్టు వ్యాపారము నేరము. శిక్ష రెండేండ్ల వరకు జైలు, లేక రెండు కోట్ల వాన్‌ల వరకు జరిమానా. అచ్చట ఈ యాటలు వేలాది ప్రేక్షకులు చూచు వృత్తిక్రీడలు. అందుచేతనే అంత కాఠిన్యము. బడిపిల్లల మెట్ల తగాదాకు జైలు అక్కరలేదు. అయినను విద్యార్థులు ఎరుగవలసిన సంగతి ఇందొకటి కలదు. మెట్లెక్కించెదనని వచ్చిన అపరిచితునకు పాస్‌వర్డు ఇచ్చినవాడు ఇంటి తాళపుచెవిని ఇచ్చినవాడే. ఖాతా పోయిన పిమ్మట, తానే ఆట నియమమును ఉల్లంఘించినవాడు గనుక, నిర్వాహకులకు మొర పెట్టుకొనుటకును వానికి మొగము చెల్లదు.

పనిచేసినవానికే మార్కులిచ్చినచో సరిపోదా యని ఎవరైన అడుగవచ్చును. సరిపోవును, కాని పని యనగా నేమి? దెబ్బలను లెక్కించినచో చికిత్స చేయువాడు సోమరిగా తేలును. చికిత్సను గూడ లెక్కించినచో, గాయములేని వానికి ఊరక మందు పూయుచు మార్కులు పొందువాడు బయలుదేరును. ముందు నడచి దారి చూచివచ్చిన వేగులవాని పనిని ఏ యంత్రము కొలుచును? జట్టుపనికి మార్కులు వేయబూనిన ఉపాధ్యాయుడు ఎదుర్కొను చిక్కు ఇదియే: పటము గీసినది ఒకతె, అంచులు కత్తిరించినది మరొకతె, పేరు వ్రాసికొన్నది నలుగురు. 2012 ఆగస్టులో వచ్చిన గిల్డ్ వార్స్ రెండవ యాట ఈ చిక్కును విప్పబోక పక్కనుంచినది. ఏ ప్రాంతమునకు పోయిన ఆ ప్రాంతపు మెట్టునకు ప్రతివాడును తనంతట దిగును. చేయి కలిపినవారెల్లరకును పూర్తి ఫలము దక్కును. ఒకరి మార్కులు మరొకరికి పోవు. పంపకమే లేనిచోట తగాదా తగ్గినది. జట్టు కట్టుటకై ముందుగా ఒకరినొకరు తూచుకొను అవసరము గూడ తగ్గినది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ లోకములో స్టార్మ్‌విండ్ అను నగరము కలదు. 2009 ఆగస్టునుండి అచ్చట బెహ్‌స్టెన్ అను పాత్ర యొకటి నిలిచియుండెను. పది బంగారు నాణెములు చేతిలో పెట్టినచో అతడు అడిగినవానికి మార్కులు రాకుండ ఆపివేయును. మరల పది యిచ్చినచో ప్రవాహమును విడుచును. ద్వంద్వయుద్ధముల కొరకు క్రింది మెట్టుననే తిష్ఠవేయదలచినవారు ఎక్కువగా అతనిని ఆశ్రయించిరి. కాని వారి వెనుక మరికొందరు గూడ ఆ పది నాణెములు పట్టుకొని వచ్చి నిలుచుచుండిరి. వారి మిత్రుడు ఊరికి పోయినాడు. వాడు వచ్చువరకు వారు మెట్టెక్కదలచుకొనలేదు.